చెరువులో పక్షుల కోసం అభయారణ్యం కావాలంటే: ముందు హద్దు, తర్వాతే గెజిట్

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఊరి చెరువులో నల్లతుమ్మ చెట్ల మీద ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడుతున్నాయి, దీన్ని అభయారణ్యంగా ప్రకటించాలంటే ఎవరికి అర్జీ పెట్టాలి అన్నది మొదటిది. ప్రకటిస్తే చుట్టూ ఉన్న పొలాలు పోతాయని ఊళ్లో సగం మంది భయపడుతున్నారు, అది నిజమేనా అన్నది రెండోది. అటవీ శాఖలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి రేంజ్ ఆఫీసరుగా రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం వన్యప్రాణి విభాగమే. హక్కుల విచారణ జరుగుతుంటే పక్కన మ్యాపు పట్టుకుని నిలబడ్డవాణ్ణి. అందుకే రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను. అది తేలకుండా మొదటిదానికి ఏం చెప్పినా మీ ఊరికి ఉపయోగపడదు.

పొలాలు పోతాయా ఉంటాయా అన్నది అభయారణ్యం అనే మాటను బట్టి తేలదు. హద్దు ఎక్కడ గీశారు, గీసేటప్పుడు ఊరివాళ్లు తమ హక్కులు కాగితం మీద పెట్టారా లేదా, ఈ రెంటిని బట్టి తేలుతుంది. కొల్లేరు సంగతే చూడండి. 1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరుకు రామ్‌సార్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు, కూడా వచ్చింది. చేపల చెరువులు సరస్సును మింగేస్తున్న రోజులవి, రక్షణ నిజంగా అవసరం. కానీ ఆ కాంటూరు లోపల జిరాయితీ భూములు, అంటే రైతుల సొంత పట్టాభూములు, కూడా ఉన్నాయి. కాంటూరు గీత మ్యాపు మీద చక్కగా ఉంటుంది, చేలో నిలబడ్డ రైతుకు మాత్రం కనిపించదు. 2006లో ఆ చేపల చెరువుల గట్లు కొట్టేశారు. 2008లో మూడో కాంటూరుకు తగ్గించాలని శాసనసభ తీర్మానం చేసింది. ఆ గొడవ ఈ రోజుకీ నలుగుతూనే ఉంది. అటు పక్షీ, ఇటు రైతూ ఇద్దరూ నష్టపోయారు. మీ ఊళ్లో భయపడుతున్నవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు, ఇలాంటివి చూసినవాళ్లే.

ఇక చట్టం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోదే. రిజర్వు ఫారెస్టు కాని భూమిని అభయారణ్యం చేయాలంటే సెక్షన్ 18 కింద రాష్ట్ర ప్రభుత్వం ముందు ఉద్దేశ ప్రకటన ఇవ్వాలి. ఫలానా హద్దుల మధ్య ఉన్న ప్రాంతాన్ని అభయారణ్యం చేయదలిచాం అని అందులో ఉంటుంది. రోడ్డు, వాగు, గుట్ట అంచు లాంటి నలుగురికీ తెలిసిన గుర్తులతో హద్దులు రాయవచ్చని ఆ సెక్షనే చెబుతుంది. ఈ చిన్న వెసులుబాటును వాడుకోవడం తెలిస్తే సగం తగాదాలు పుట్టవు. "తూర్పున కట్ట, దక్షిణాన అలుగు, పడమర ఫలానా సర్వే నంబరు గెట్టు" అని రాస్తే పశువుల కాపరికి కూడా అర్థమవుతుంది. రిజర్వు ఫారెస్టు అయితే ఇంత తతంగం అక్కర్లేదు, అక్కడి హక్కులు ఫారెస్టు సెటిల్‌మెంటప్పుడే తేల్చి ఉంటారు కాబట్టి సెక్షన్ 26ఎ కింద నేరుగా ప్రకటించవచ్చు. మీది ఊరి చెరువు, ఆ దారి మీకు లేదు.

ఉద్దేశ ప్రకటన వచ్చిన నాటి నుంచి ఆ హద్దుల్లో కొత్తగా ఎవరికీ హక్కు పుట్టదు, వారసత్వంగానో వీలునామా ద్వారానో వచ్చేది తప్ప. ముప్పై రోజుల్లో కలెక్టర్ బాధ్యతలు చూసే అధికారిని నియమించాలి. ఆ అధికారి అరవై రోజుల్లో హద్దు లోపలి ఊళ్లలోనూ పక్క ఊళ్లలోనూ తెలుగులో ప్రకటన వేయించాలి. ఆ ప్రకటన తేదీ నుంచి రెండు నెలల్లోపు, హక్కు ఉందనుకున్న ప్రతివాళ్లూ నిర్ణీత ఫారంలో రాతపూర్వకంగా క్లెయిము పెట్టుకోవాలి. మొత్తం ప్రక్రియలో ఊరి చేతిలో ఉండేది ఈ రెండు నెలలే. గెజిట్ వచ్చిన రోజు పత్రికలో ఫొటో పడుతుంది గానీ, ఊరి జాతకం రాసేది ఈ రెండు నెలల్లోనే.

నేను దగ్గరగా చూసిన ఒకటి చెబుతాను, ఊరి పేరు వద్దు. చెరువు చుట్టూ తుంగ కోసి చాపలు అల్లుకునే కుటుంబాలు ఒక ఒడ్డున, గొర్రెలూ గేదెలూ మేపుకునేవాళ్ల పల్లె ఇంకో ఒడ్డున. ప్రకటన పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాం, దండోరా వేయించాం. పట్టాదారులంతా పాసు పుస్తకాలు పట్టుకుని వచ్చారు. తుంగ కోసేవాళ్లు ఒక్కరూ రాలేదు. గడువు ఇంకో వారం ఉందనగా ఒక ముసలమ్మ కొడవలి చంకలో పెట్టుకుని వచ్చి, "అయ్యా, తుంగ కోసుకోవడం కూడా హక్కేనా? అది మా పని గదా, దానికి కాగితమేముంటది?" అని అడిగింది. ఆ సాయంత్రం వేపచెట్టు కింద కూర్చుని వరసగా క్లెయిములు రాశాం. ఏ నెలలో కోస్తారు, ఏ వైపు కోస్తారు, ఎన్ని మోపులు, ఎన్ని తరాల నుంచి, ఎవరు సాక్ష్యం చెబుతారు, ఇవే వివరాలు. క్లెయిము ఒప్పుకున్నప్పుడు కలెక్టర్ ముందు మూడు దారులుంటాయి. ఆ భూమిని హద్దు నుంచి తప్పించవచ్చు, పరిహారమిచ్చి హక్కును సేకరించవచ్చు, లేదా రాష్ట్రంలో వన్యప్రాణి విభాగానికి పెద్ద అధికారి అయిన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ను సంప్రదించి హక్కును అలాగే కొనసాగనివ్వవచ్చు. తుంగ కోతను మూడో దారిలో కొనసాగనిచ్చారు, పక్షులు గూళ్ల మీద ఉండే నెలలు మినహాయించి.

అవతలి ఒడ్డు పల్లె నుంచి ఎవరూ రాలేదు. వాళ్ల గేదెలు దిగే రేవు ఏ కాగితంలోకీ ఎక్కలేదు. క్లెయిము పెట్టకపోయినా ప్రభుత్వ రికార్డులను బట్టి, తెలిసినవాళ్ల సాక్ష్యాన్ని బట్టి ఉన్న హక్కులను కలెక్టర్ విచారించాలని సెక్షన్ 22లో ఉంది. ఉన్నా, అడిగేవాళ్లు లేకపోతే ఆ పేరా ఫైలులో ఖాళీగానే పోతుంది. కొన్నేళ్ల తర్వాత కొత్తగా వచ్చిన బీట్ ఆఫీసరు గేదెలను ఆపాడు. కాగితం ప్రకారం అతనిది తప్పు కాదు. ఆ పల్లెలో దండోరా వేయించింది నేనే. మిట్టమధ్యాహ్నం వేయించాను, అందరూ మేతకూ పొలాలకూ పోయి ఉన్నారు. చీకటిపడ్డాక వేయించి ఉండాల్సింది. ఇప్పటికీ ఆ రేవు గుర్తొస్తే మనసు కలుక్కుమంటుంది.

2022 సవరణతో కొంత మేలు జరిగింది. అనుమతించిన మేత, సెక్షన్ 24 కింద కొనసాగనిచ్చిన హక్కులు, స్థానికులు తాగడానికీ ఇంటి అవసరాలకూ వాడుకునే నీళ్లు అభయారణ్యంలో నిషేధం కిందికి రావని స్పష్టంగా రాశారు. అయితే "కొనసాగనిచ్చిన హక్కు" అన్న మాట చూడండి. కొనసాగనివ్వాలంటే అది ముందు రాతలో ఉండాలి కదా.

విచారణ రెండేళ్లలో ముగించాలని సెక్షన్ 25ఎ చెబుతుంది. ముగియకపోతే ప్రకటన రద్దయిపోతుందా అంటే, కాదు. దేశంలో ఎన్నో అభయారణ్యాలు ఉద్దేశ ప్రకటన దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయాయి. హక్కులు తేల్చే పని ఏడాదిలో పూర్తిచేయమని 1997లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి. ఇలా మధ్యలో వేలాడటం ఊరికి అన్నిటికంటే చెడు కాలం. ఆంక్షలు మొదలవుతాయి, పరిహారం రాదు. ఆ మధ్యకాలంలో వంటచెరకు, పశుగ్రాసం లాంటివాటికి ప్రత్యామ్నాయం ప్రభుత్వమే చూపాలని సెక్షన్ 18ఎలో ఉంది. ఇది అడిగి తీసుకోవాల్సిందే, దానంతట అది రావడం నేను చూడలేదు.

తుది ప్రకటన వెలువడ్డాక వెనక్కి రావడం దాదాపు జరగని పని. హద్దు మార్చాలంటే ప్రధాని అధ్యక్షతన ఉండే జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు కావాలి. దానికి తోడు 2000 సంవత్సరం నుంచి సుప్రీంకోర్టు అనుమతి లేకుండా అభయారణ్యాన్ని డీనోటిఫై చేయకూడదు, అంటే ఆ ప్రకటనను రద్దు చేయకూడదు. ఇంత గట్టి తాళం ఉండటం మంచిదే, లేకపోతే ప్రతి ఎన్నికకూ ఒక అభయారణ్యం కరిగిపోయేది. అలాంటి తాళం వేసే ముందు లోపల ఎవరెవరు ఉన్నారో చూసుకోవాలి కదా.

ఇప్పుడు మీ చెరువు సంగతికొద్దాం. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మీకు అభయారణ్యం వద్దు. నేషనల్ పార్కు మాట అసలే వద్దు, అక్కడ మేత పూర్తిగా బంద్, హక్కులన్నీ ప్రభుత్వానికి దఖలు పడాలి. అది పాపికొండల లాంటి పెద్ద అడవులకు. అక్కడ కూడా 1978లో అభయారణ్యమైతే 2008లో గానీ నేషనల్ పార్కు కాలేదు. మీలాంటి ఊళ్ల కోసమే 2002 సవరణలో రెండు కొత్త రకాలు తెచ్చారు. ప్రభుత్వ భూమి అయితే సెక్షన్ 36ఎ కింద కన్జర్వేషన్ రిజర్వు. ప్రైవేటు భూమి లేదా సమష్టి భూమి అయి, దాని యజమానులు తమంతట తాము ముందుకొస్తే సెక్షన్ 36సి కింద కమ్యూనిటీ రిజర్వు. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరు ఇలా కమ్యూనిటీ రిజర్వు అయ్యింది. అక్కడా ఇవే పక్షులు, ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్లు. మన దగ్గర వీరాపురం, తేలినీలాపురం ప్రజలు ఏ గెజిట్టూ అడగకుండానే ఏళ్ల తరబడి ఈ పక్షులను ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటున్నారు.

అందుకే మొదట వెళ్లాల్సింది అటవీ శాఖ ఆఫీసుకు కాదు, తహసీల్దార్ ఆఫీసుకు. చెరువు ఎవరి పేరు మీద ఉందో చూడండి. అడంగల్ (భూమి, సాగు వివరాల రికార్డు) నకలు, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు తీసుకోండి. చెరువు పోరంబోకుగా ఉండి జలవనరుల శాఖ అజమాయిషీలో ఉంటే మీది 36ఎ దారి. గూళ్లున్న తుమ్మతోపు పట్టాభూమిలోకి వచ్చి ఉంటే ఆ ముక్కకు 36సి. రెండూ కలిసి ఉంటే, నా సలహా, ముందు ఒక్కదానితో మొదలుపెట్టండి. చేపల పాట ఏ సంఘం పేరు మీద ఉంది, ఎప్పటి వరకు ఉంది అన్నది కూడా రాసుకోండి. మత్స్యకారుల సంఘాన్ని పక్కనబెట్టి చేసిన ఏ ప్రతిపాదనా నిలబడదు, నిలబడకూడదు కూడా.

ఈ రెండు రకాల్లోనూ వేట నిషేధం, నిప్పు పెట్టడం నేరం, పేలుడు పదార్థాలూ విషరసాయనాలూ వాడకూడదు. కానీ అభయారణ్యంలో లాగా ప్రవేశానికి పర్మిట్లు అడగరు. కమ్యూనిటీ రిజర్వులో నిర్వహణ కమిటీ మీదే ఉంటుంది: సమష్టి భూమి అయితే పంచాయతీ నామినేట్ చేసే కనీసం ఐదుగురు ప్రతినిధులు, అటవీ శాఖ నుంచి ఒకరు; ప్రైవేటు భూమి అయితే ఆ భూమి యజమాని, అటవీ శాఖ ప్రతినిధి, పంచాయతీ ప్రతినిధి. ఒక్క సంగతి మాత్రం ఊళ్లో ముందే చెప్పండి. ఒకసారి ప్రకటించాక ఆ భూమి వినియోగం మార్చాలంటే కమిటీ తీర్మానం, ఆపైన ప్రభుత్వ ఆమోదం, రెండూ కావాలి. రేపు ఎవరైనా ఆ తోపు కొట్టి రొయ్యల చెరువు తవ్వుతానంటే కుదరదు. ఇది దాచిపెట్టి సంతకాలు చేయించుకుంటే ఊరు మిమ్మల్ని ఎన్నటికీ నమ్మదు.

ప్రతిపాదనకు బలం సాక్ష్యమే. "వేల పక్షులు వస్తాయి" అని రాస్తే రేంజ్ ఆఫీసులోనే పక్కన పెడతారు. గూళ్లు లెక్కపెట్టండి. తెల్లవారాక కట్ట మీద రోజూ ఒకేచోట నిలబడండి. చెట్లకు నంబర్లు వేసుకుని నోటుబుక్కులో చెట్టుచెట్టుకూ ఒక గీత గీసుకోండి. ఖాళీ గూడును లెక్కలో వేయకండి, గూట్లో కూర్చున్న పక్షిని చూసి వేయండి. ఒకటి కూర్చుని ఉంటే రెండోది పుల్లలు తెస్తోందనుకోండి, అది కడుతున్న గూడు. గూటి అంచు మీంచి తెల్లటి నూగుతో తల పైకి లేస్తే పిల్లలున్న గూడు. పదిహేను రోజులకోసారి, గూళ్ల కాలమంతా ఇలా చేయండి. దయచేసి తెప్ప వేసుకుని చెట్ల కిందికి పోకండి. తల్లి లేచిన మరునిమిషంలో కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది. రెండు మూడు సీజన్ల లెక్క, తేదీలతో ఫొటోలు, నీటిమట్టం ఎంత ఉంటే పక్షులు వచ్చాయో ఉంటే ఏ అధికారీ కాదనలేడు.

ఊరి పెద్దల మాట కూడా సాక్ష్యమే, అది కూడా రాయండి. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. రాత్రిపూట పిట్టలు పట్టే స్థానికుడి సాయంతోనే అది దొరికింది. ఆ తర్వాతే లంకమల అభయారణ్యం వచ్చింది. దాని ఆవాసం కోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు.

కాగితాలన్నీ సిద్ధమయ్యాక గ్రామసభ పెట్టి తీర్మానం చేయించండి. సర్పంచ్ ఇంట్లో కూర్చుని రాసిన తీర్మానం కాదు, వచ్చినవాళ్ల సంతకాలూ వేలిముద్రలూ పుస్తకంలో ఉన్న తీర్మానం. వ్యతిరేకించినవాళ్ల మాట కూడా రాయించండి, దాంతో ఫైలు బలహీనపడదు, బలపడుతుంది. అక్కడి నుంచి ఫైలు వరసగా వెళ్లేది రేంజ్ ఆఫీసరు, ఆయన పైన డీఎఫ్‌వో, అటవీ సర్కిల్ ఆఫీసు, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, సచివాలయం. ఏ ప్రాంతాలను ఎంచుకోవాలో సలహా ఇచ్చేది ముఖ్యమంత్రి అధ్యక్షతన ఉండే రాష్ట్ర వన్యప్రాణి బోర్డు. ఏడాదికి రెండుసార్లయినా కూర్చోవాలని చట్టం. బోర్డు తేదీ తెలుసుకుని, మీ ఫైలు ఏ టేబుల్ మీద ఉందో అడుగుతూనే ఉండండి.

ఊరితో సంప్రదించడం ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి జీవో 49 చాలు. 2025 మే చివర్లో తెలంగాణ ప్రభుత్వం ఆసిఫాబాద్ జిల్లాలో, కవ్వాల్‌కీ మహారాష్ట్ర తడోబాకూ మధ్య పులులు నడిచే అడవిని కొమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. పులికి ఆ దారి నిజంగానే కావాలి, దాని గురించి నాకు అనుమానం లేదు. కానీ ఆదివాసీ సంఘాలు ఉద్యమించాయి, జూలైలో జీవోను నిలుపుదల చేశారు. స్థానికులను సంప్రదించాకే ప్రకటించాలని 36ఎలోనే ఉంది. అలాంటి చోట పీసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చే చట్టం), 2006 అటవీ హక్కుల చట్టం కూడా చూడాలి. అటవీ హక్కుల చట్టం కింద కీలక వన్యప్రాణి ఆవాసంగా గుర్తించి ఎవరినైనా కదిలించాలంటే ముందు హక్కుల గుర్తింపు పూర్తవ్వాలి, కలిసి బతికే దారి లేదని తేలాలి, గ్రామసభ స్వేచ్ఛగా ఒప్పుకోవాలి.

గీత లోపల అంతా బాగున్నా గీత బయట చెడితే పక్షి ఉండదు. కర్నూలు వైపు రోళ్లపాడును బట్టమేక పక్షి కోసం 1988లో 614 హెక్టార్లలో అభయారణ్యం చేశారు. ఆ పక్షి కంచె లోపలే బతికేది కాదు, చుట్టూ ఉన్న పచ్చిక బీళ్లూ మెట్టచేలూ కూడా దాని ఇల్లే. కాలువ నీళ్లొచ్చి పంటలు మారాయి, బీళ్లు తగ్గాయి. ఇప్పుడు అక్కడ బట్టమేక కనిపించడం గగనమైంది. మీ గూడబాతులు కూడా గూడు మీ చెరువులో కట్టి, చేపలకు చుట్టుపక్కల చెరువులన్నిటికీ పోతాయి. కాబట్టి పక్షులు ఉదయం ఏ దిక్కుకు ఎగిరిపోతున్నాయో ఈ సీజన్‌లోనే గమనించి, ఆ చెరువుల పేర్లు కూడా ప్రతిపాదనలో రాయండి. మీ చెరువులోకి నీళ్లు తెచ్చే సప్లయ్ చానల్ సర్వే నంబర్లు మరచిపోకండి. చానల్ ఆక్రమణలో ఉంటే ముందు దాని మీద అర్జీ పెట్టండి, నీళ్లు నిలవని ఏడాది ఆ చెట్ల మీద ఒక్క గూడూ ఉండదు.

అడంగల్, ఎఫ్‌ఎంబీ నకళ్లు చేతికొచ్చాక సర్వే నంబర్లు, విస్తీర్ణం, చేపల పాట గడువు ఇక్కడ రాయండి. వ్యక్తుల పేర్లు అక్కర్లేదు. హద్దుల వివరణ ఎలా రాయాలో మీతో కలిసి కూర్చుని రాస్తాను.